తూర్పు బెర్లిన్‌లో ఆ పావుగంట

1983 అక్టోబర్ 25న, పశ్చిమ జర్మనీ రాక్ గాయకుడు ఉడో లిండెన్‌బర్గ్ తూర్పు బెర్లిన్‌లోని రిపబ్లిక్ ప్యాలెస్ వేదిక ఎక్కారు. కొన్ని పాటలు, దాదాపు పావుగంట. అంతే. ఎదురుగా కూర్చున్నది కమ్యూనిస్టు యువజన సంఘం ఏరి కూర్చోబెట్టిన సభ్యులు. అసలైన అభిమానులు బయట వీధిలో నిలబడి, లోపలికి రానివ్వమని అరుస్తున్నారు. వారిలో చాలామందిని భద్రతా దళాలు పట్టుకుపోయాయి. ఆ పావుగంట విలువ తెలియాలంటే ఉడో అక్కడి దాకా ఎలా వచ్చారో ముందు చూడాలి.

ఆయన 1946 మే 17న గ్రోనావ్‌లో పుట్టారు. డచ్చి సరిహద్దును ఆనుకుని ఉన్న బట్టల మిల్లుల ఊరు అది. తండ్రి ప్లంబర్. ఉడో డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లి ఒక పెద్ద హోటల్లో వెయిటర్ పని నేర్చుకున్నారు. మనసంతా డ్రమ్స్ మీదే. లిబియాలోని అమెరికా సైనిక స్థావరంలో సైనికుల వినోదానికి వాయించారు. తిరిగొచ్చాక హాంబర్గ్ చేరి, జాజ్ విద్వాంసుడు క్లాస్ డోల్డింగర్ పక్కన డ్రమ్మర్‌గా కుదురుకున్నారు. 1970లో మొదలైన టీవీ నేరకథల సీరియల్ ‘టాటోర్ట్’ టైటిల్ సంగీతం డోల్డింగర్‌ది, అందులో డ్రమ్స్ ఉడోవి. ఆ సీరియల్ నేటికీ ఆదివారం రాత్రి వస్తూనే ఉంది.

1971లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ ఇంగ్లీషులోనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. రాక్ అంటే ఇంగ్లీషే అని జర్మన్ కుర్రకారు గట్టిగా నమ్మిన రోజులవి. ఆ నమ్మకం వెనుక నొప్పి ఉంది. నాజీల కవాతు పాటలు, ఉపన్యాసాలు మోగిన భాషలో గొంతెత్తి పాడాలంటే యుద్ధం తర్వాతి తరానికి ఇబ్బందిగా ఉండేది. జర్మన్‌లో మిగిలినవి కన్నీళ్లూ చక్కెరా కలిపిన సినిమా మార్కు పాటలు. జర్మన్‌లో రాక్ పాడినవారిలో ఉడో మొదటివాడు కాదు. రియో రైజర్ బృందం అప్పటికే పాడుతోంది. అయితే రైజర్ పాట ఉద్యమకారుల సభల్లో మోగితే, ఉడో పాట బార్లలోకి, బస్సుల్లోకి, బడిపిల్లల నోళ్లలోకి వెళ్లింది. 1973లో వచ్చిన ‘ఆల్లెస్ క్లార్ ఆఫ్ డెర్ ఆండ్రియా డోరియా’ ఆల్బమ్‌తో అది జరిగింది. హాంబర్గ్ రేవు వీధుల్లో మనుషులు మాట్లాడుకునే మాటనే, ముక్కుతో సాగదీస్తూ ఆయన పాడారు. జర్మన్ భాషకు ఆయన చేసిన ఈ మేలు మిగతా అన్నిటికంటే పెద్దదని మా అభిప్రాయం.

ఆయన బృందం పేరు పానిక్ ఆర్కెస్టర్. బాస్ గిటార్ వాయించే స్టెఫీ స్టెఫాన్ మొదటి నుంచీ ఆయన వెంటే ఉన్నారు. రాక్ బృందాలు అహంకారాల తాకిడికి విరిగిపోవడం మామూలు. అక్కడ అర్ధ శతాబ్దం పాటు మనుషుల్ని కలిపి ఉంచడమూ ఒక విద్యే. 1979లో తన పర్యటనకు ప్రసిద్ధ నాటక దర్శకుడు పీటర్ సాడెక్‌ను తెచ్చుకుని, కచేరీని నాటకంలా నడిపించారు.

తూర్పు బెర్లిన్ మీద మక్కువ పాతదే. బెర్లిన్ గోడ అవతలి అమ్మాయిని ప్రేమించిన పశ్చిమ కుర్రాడి పాటను ఆయన 1973లోనే పాడారు. అక్కడ కచేరీ చెయ్యాలని ఏళ్ల తరబడి అడిగారు, అనుమతి రాలేదు. 1983 ఆరంభంలో ‘పాంకోకు ప్రత్యేక రైలు’ అన్న పాట వదిలారు. 1941 నాటి అమెరికా స్వింగ్ పాట ‘చట్టనూగా చూ చూ’ వరసకు కొత్త మాటలు కట్టారు. తూర్పు జర్మనీ అధినేత ఎరిక్ హోనెకర్‌ను బంధువును పిలిచినంత చనువుగా పలకరించి, మీరూ చాటుగా రాక్ వింటారు కదా, నన్నెందుకు రానివ్వరు అని అడిగారు. తిట్టి ఉంటే ఆ ప్రభుత్వానికి జవాబివ్వడం తేలిక. ఈ చనువుకు ఏం చెయ్యాలో తోచలేదు.

చివరికి పిలిచారు, కానీ తమ లెక్కతో. పశ్చిమ జర్మనీలో అమెరికా పెర్షింగ్ క్షిపణులు మోహరించబోతున్న సమయమది. వాటికి వ్యతిరేకంగా శాంతి కచేరీ అన్నారు. హ్యారీ బెలఫాంటే కూడా వచ్చారు. ఆ మహా గాయకుడు 2023 ఏప్రిల్‌లో కన్నుమూశారు. రైలు పాట పాడకూడదన్నది షరతు, ఉడో ఒప్పుకున్నారు. ప్రభుత్వం ఆయన్ను వాడుకుందనేవారి మాట కొట్టెయ్యలేం. అయితే వేదిక మీద ఆయన, రెండు జర్మనీల్లోనూ క్షిపణులు ఉండకూడదని బహిరంగంగా అన్నారు. తూర్పు గడ్డ మీద సోవియట్ ఆయుధాల గురించి అలా మాట్లాడటానికి అక్కడి పౌరుడికి దారే లేదు. మరుసటి ఏడాదికి మాట ఇచ్చిన పర్యటనను ఆ ప్రభుత్వం రద్దు చేసింది. అయినా ఆ రోజు ఎక్కువ మూల్యం చెల్లించింది ఉడో కాదు, వీధిలో అరెస్టయిన పిల్లలు. ఆ కచేరీ గుర్తొచ్చినప్పుడు గాయకుడి కంటే ముందు వారినే తలుచుకోవాలి.

1987లో ఆయన హోనెకర్‌కు తోలు జాకెట్ పంపారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో హోనెకర్ పశ్చిమానికి వచ్చినప్పుడు వుపర్టాల్‌లో ఎదురెళ్లి, తుపాకుల బదులు గిటార్లు అనే నినాదమున్న గిటార్ చేతికిచ్చారు. 1989లో గోడ కూలింది. 1990 జనవరిలో ఉడో తూర్పు నగరాల్లో పర్యటించారు. హోనెకర్ 1994లో చిలీలో మరణించారు. రిపబ్లిక్ ప్యాలెస్‌నూ కూల్చేశారు, ఆ స్థలంలో ఇప్పుడు హుంబోల్ట్ ఫోరం ఉంది.

గోడ పోయాక ఉడోకు కష్టకాలం వచ్చింది. తాగుడు ముదిరింది, రికార్డులు అమ్ముడుపోలేదు. హాంబర్గ్ అట్లాంటిక్ హోటల్ గదుల్లో కాపురం. ఆయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 2008లో, 62వ ఏట, ‘స్టార్క్ వీ స్వై’తో తొలిసారి ఆల్బమ్ చార్టుల్లో మొదటి స్థానం దక్కింది. 2022లో హాంబర్గ్ ఆయనకు గౌరవ పౌరసత్వమిచ్చింది.

2023లో మరో విశేషం జరిగింది. తుర్కీ మూలాలున్న యువ ర్యాపర్ అపాచె 207తో కలిసి ఆ జనవరిలో ఉడో ‘కోమెట్’ పాడారు. ఇద్దరికీ యాభై ఏళ్లకు పైగా తేడా. ఉడో 1989లోనే ‘బుంటె రిపబ్లిక్ డాయిచ్‌లాండ్’ ఆల్బమ్‌తో వలసవచ్చిన వారి పక్షాన నిలిచారు. అలా వచ్చిన వారి ఇంట పుట్టిన కుర్రాడు ఆయన పక్కన నిలబడి, ఆయన పాటల్లోకి తెచ్చిన ఆ వాడుక జర్మన్‌లోనే పాడాడు. ఆ పాట 21 వారాలు జర్మన్ చార్టుల్లో మొదటి స్థానంలో ఉంది. అక్కడ అంతకాలం నిలిచిన పాట అంతకుముందు లేదు.