తుపాకీ కుదిరితేనే గురి కుదురుతుంది

2012 ఆగస్టు 3. లండన్ ఒలింపిక్స్‌లో, బోర్లా పడుకొని 50 మీటర్ల దూరానికి గురిపెట్టే రైఫిల్ పోటీ. కోల్‌కతాకు చెందిన జయదీప్ కర్మాకర్ 699.1 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచారు. కాంస్యం గెలిచిన స్లొవేనియా క్రీడాకారుడు రాజ్‌మండ్ డెబెవెచ్‌కు వచ్చినవి 701.0. డెబ్బై తూటాలు పేల్చిన తరువాత పతకానికీ రిక్తహస్తానికీ మధ్య మిగిలిన తేడా 1.9 మాత్రమే. నాలుగు రోజుల ముందు ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం సాధించిన హైదరాబాదీ గగన్ నారంగ్, ఇక్కడ 600కు 593 సాధించినా పద్దెనిమిదవ స్థానంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఎందుకంటే ఆ దశలో బెలారస్‌కు చెందిన సెర్గేయ్ మార్తినోవ్ 600కు 600 కొట్టారు.

ఈ పోటీలో పది పాయింట్లు తెచ్చే నడి వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అంటే చొక్కా గుండీ అంత. అందుచేత ఈ క్రీడలో రైఫిల్‌ను కొన్నది కొన్నట్టుగా ఎవరూ వాడరు. దర్జీ కొలతలు తీసినట్టు దానిని తమ ఒంటికి అమర్చుకుంటారు.

అన్నిటికన్నా ముందు సరిచేయవలసినది తుపాకీ మడమ. అది భుజపు గుంటలో బిగువుగా కూర్చోవాలి. దాని పొడవు చేయి పొడవుకు తగినట్టుండాలి. చెంప ఆనించే చెక్క ఎత్తు సరిపోతే, మెడ సాగదీయకుండానే కన్ను గురి రంధ్రానికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. సరిపోకపోతే మెడ కండరాలు ప్రతిసారీ కాస్త శ్రమపడతాయి. అలసిన కండరం వణుకుతుంది. అన్ని అమరికలతో కలిపి రైఫిల్ బరువు ఎనిమిది కిలోలు మించరాదని అంతర్జాతీయ నిబంధన. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 451.4 పాయింట్లతో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే పాల్గొన్న పోటీలో మోకాలిపైనా, పడుకొనీ, నిలుచునీ కాల్చాలి. భంగిమ మారినప్పుడల్లా అదే రైఫిల్‌ను క్రీడాకారులు మళ్లీ కొత్తగా అమర్చుకుంటారు.

తరువాతి వంతు తూటాది. ఈ .22 తూటాలో మంట రగిల్చే మందు అడుగుభాగపు అంచులోనే దాగి ఉంటుంది. తుపాకీలోని సూది ఆ అంచును కొట్టగానే అది అంటుకుంటుంది. పెద్ద తుపాకుల ఖాళీ గుళ్లను మళ్లీ మందు నింపి వాడుకోవచ్చుగాని, అంచు నలిగిపోయిన ఈ గుల్లకు ఆ యోగం లేదు. కాబట్టి క్రీడాకారుడు తూటాను తయారుచేసుకోలేడు, ఎంచుకోగలడు. ఒకే కంపెనీ తూటాలైనా, ఒక గొట్టానికి నచ్చిన బ్యాచ్ మరో గొట్టానికి నచ్చదు. అందుకని పెద్ద పోటీదారులు రైఫిల్‌ను కంపెనీ పరీక్షాశాలకు తీసుకువెళ్లి, బిగింపు యంత్రంలో పెట్టి, వేర్వేరు బ్యాచ్‌లు పేల్చి చూస్తారు. రంధ్రాలు దగ్గరగా పడిన బ్యాచ్‌ను ఒక్కసారే పెద్ద మొత్తంలో కొనుక్కుంటారు.

ఈ సీసపు గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. వేగం ధ్వని వేగానికి కాస్త లోపుగా ఉండేటట్టు చేస్తారు. ధ్వని వేగాన్ని దాటి మళ్లీ దాని దిగువకు వచ్చేటప్పుడు గుండు నిలకడ దెబ్బతినవచ్చు. నెమ్మదైన గుండు గనుక అది గొట్టంలో కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. ట్రిగ్గరు నొక్కిన మరుక్షణం భుజం కదిలితే ఆ కదలిక గుండుకూ అంటుతుంది.

ఇక గొట్టం, బోల్టు, ట్రిగ్గరు యంత్రాంగం. భిలాయి ఉక్కు నగరంలో, దాని అంచునే ఉన్న జాముల్‌లో, లేత్ మీద ఇనుమును మైనంలా చెక్కగల చేతులకు కొదువ లేదు. అయినా ఈ పని ఆ చేతులు చేయరాదు. భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన 1959లోనే ఆయుధాల చట్టమూ వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకులను మరమ్మతు చేయడం, మార్చడం, గొట్టం కుదించడం దాని ప్రకారం నేరాలు. చట్టం మాట అటుంచినా, అరగదీసిన ట్రిగ్గరు కొక్కెం జారితే తుపాకీ తనంతట తానే పేలుతుంది. అనుమతి గల నిపుణుడి చేతికే దానిని అప్పగించాలి.

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి మరొకటి ఉంది. ఒకసారి ఒక్క మార్పే చేస్తారు. చెంప చెక్క రెండు మిల్లీమీటర్లు లేపితే ఆ సంగతి పుస్తకంలో రాసి, పదేసి తూటాలు కొన్నిసార్లు పేల్చి, రంధ్రాల గుంపు చిన్నదయిందో లేదో కొలుస్తారు. మెరుగు కనిపించకపోతే చెక్కను పాత చోటికే దించుతారు. మడమ, చెంప, తూటా అన్నీ ఒకే రోజు మార్చినవాడికి గురి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. చెడినప్పుడు దేనిని వెనక్కి తిప్పాలో అంతకన్నా తెలియదు.