చెయ్యి మరిచిపోతే ఎలా?

పోయిన నెల ఊరగాయ పార్సిల్ కబుర్లకి మీరు పంపిన వాయిస్ మెసేజులన్నీ విన్నాను, నవ్వలేక చచ్చాను. ఈసారి కబురు కొంచెం పెద్దది. విమానాల గురించి.

వచ్చే నెల అమ్మ విశాఖపట్నం నుంచి వస్తోంది. ఒంటరిగా విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. మొన్న వీడియో కాల్‌లో అడిగింది: "ఏమే, విమానం దానంతటదే పోతుందటగా? పైలట్లు ఊరికే కూచుంటారటగా?" ఎవరో వాట్సాప్‌లో పంపారట. "అదేం లేదులే అమ్మా" అని నవ్వేశాను గానీ, నిజానికి నాకూ తెలీదు.

మేముండేది సెంకాంగ్‌లో. సెలెటార్ విమానాశ్రయం మాకు దగ్గరే. పెద్ద విమానాలన్నీ చాంగీకి పోతాయి, సెలెటార్‌లో దిగేవి ఎక్కువగా కంపెనీల వాళ్ళవీ డబ్బున్న వాళ్ళవీ చిన్న జెట్లు. మా పై అంతస్తు అక్కావాళ్ల తమ్ముడు అలాంటి బిజినెస్ జెట్ నడుపుతాడు. ఆదివారం అందరం కలిసి భోంచేస్తుంటే, గుత్తి వంకాయ వడ్డిస్తూ అమ్మ ప్రశ్న అతని ముందు పెట్టాను.

"సగం నిజమే అక్కా" అన్నాడు. "లేచిన కాసేపటికి ఆటోపైలట్ వేస్తాం. మామూలుగా దిగేముందు తీస్తాం. మధ్యలో చేతులకి పని తక్కువ, కళ్ళకీ బుర్రకీ పని ఎక్కువ."

కొత్త జెట్లలో మిషను ఇంకా చాలా చేస్తుందట. కొన్ని గల్ఫ్‌స్ట్రీమ్ జెట్లలో, బాగా ఎత్తున ఎగురుతుండగా లోపల గాలి ఒత్తిడి పడిపోతే, విమానం తనే పక్కకి తిరిగి 15,000 అడుగులకి దిగిపోతుంది. సిర్రస్ విజన్ జెట్ అని ఒక చిన్న జెట్ ఉంది, దానికి ఒక్క పైలట్ చాలు. ఆ పైలట్‌కి గుండెపోటు వస్తే? ప్రయాణికులే ఒక బటన్ నొక్కొచ్చు. అది దగ్గర్లో సరైన రన్‌వే వెతుక్కుని, కంట్రోల్ టవర్‌కి తనే చెప్పి, దిగి, ఆగి, ఇంజన్ ఆపేస్తుంది. గార్మిన్ కంపెనీ తయారుచేసిన ఈ ఏర్పాటుకి 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది.

"మీ ఉద్యోగాలకి ఎసరు కదా, మీకు కోపం రాదా?" అన్నాను.

"కోపం ఎందుకు? ప్రాణాలు కాపాడేదే" అని 1999 అక్టోబర్ 25 సంగతి చెప్పాడు. గోల్ఫ్ ఆటగాడు పేన్ స్టీవర్ట్ అమెరికాలో ఒక లియర్‌జెట్‌లో బయల్దేరాడు. మొత్తం ఆరుగురు. పైకి వెళ్ళాక లోపల ఒత్తిడి పోయి అందరూ స్పృహ తప్పారు. లోపల మెలకువగా మనిషే లేకుండా జెట్ గంటల తరబడి పోయి, ఇంధనం అయ్యాక సౌత్ డకోటాలో కూలింది. ఆ రోజు తనంతట తనే కిందకి దిగే తెలివి ఆ జెట్‌కి ఉంటే వాళ్ళకి ఒక అవకాశం ఉండేది.

"మరి భయం దేనికి?"

"మిషను బాగా పనిచేసే రోజు కాదక్కా భయం. అది చేతులెత్తేసి, 'ఇక నువ్వే చూసుకో' అనే రోజు. అది అప్పజెప్పేది ఎప్పుడూ కష్టకాలంలోనే. ఆ లోపు మన చెయ్యి మొద్దుబారిపోయి ఉంటే?"

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447కి జరిగింది అదే. వేగం కొలిచే గొట్టాల్లో మంచు గడ్డకట్టింది, అంకెలు తేడా వచ్చాయి, ఆటోపైలట్ తప్పుకుంది. చీకట్లో, సముద్రం మీద, ఏం జరుగుతోందో పైలట్లకి అర్థం కాలేదు. గొట్టాలు కాసేపటికి బాగుపడ్డాయి గానీ విమానం బాగుపడలేదు. 228 మంది పోయారు.

మన సింగపూర్ నుంచి బయల్దేరిన విమానం కథ ఇంకోటి ఉంది. 2008 అక్టోబర్ 7న క్వాంటస్ 72 ఇక్కణ్ణించి పెర్త్‌కి వెళ్తోంది. సమాచారం పంపే మూడు యూనిట్లలో ఒకటి తప్పు లెక్కలు పంపింది. ముక్కు మరీ పైకి లేచిందనుకుని, కంప్యూటర్ విమానం ముక్కుని ఒక్కసారిగా కిందకి తోసింది. బెల్ట్ లేనివాళ్ళు పైకప్పుకి కొట్టుకున్నారు. కాసేపటికి మళ్ళీ అలాగే. వంద మందికి పైగా దెబ్బలు తగిలాయి. కెప్టెన్ కెవిన్ సల్లివన్ అమెరికా నేవీలో యుద్ధ విమానాలు నడిపిన మనిషి. చేత్తో నడుపుకుంటూ లియర్‌మంత్ అనే చోట దింపాడు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

2010 నవంబర్ 4న చాంగీ నుంచి లేచిన క్వాంటస్ 32 కూడా అంతే. కొద్ది నిమిషాలకే ఒక ఇంజన్ పేలింది. తెర మీద హెచ్చరికలు పదుల కొద్దీ వచ్చి పడ్డాయి. లోపల అయిదుగురు పైలట్లున్నారు గనక ఒక్కోటీ చదివి, ఏది పనిచేస్తోందో తేల్చుకుని, దాదాపు రెండు గంటల తర్వాత మళ్ళీ చాంగీలోనే దింపారు. 469 మందీ క్షేమం.

ఇదంతా వింటుంటే నాకు నా రాత్రి డ్యూటీ ఒకటి గుర్తొచ్చింది. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

చాలా ఏళ్ళ కిందటి మాట. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఒక ఆంటీకి సెలైన్ ఎక్కుతోంది. రౌండ్‌కి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ పంపు చూశాను. పచ్చ లైటు, సరైన అంకె, అలారం లేదు. చార్టులో రాసేశాను. నాలుగోసారి మా సీనియర్ సిస్టర్ వచ్చి, పంపు వంక చూడకుండా దుప్పటి తీసింది. సూది నరం దాటిపోయింది, చెయ్యి మోచేతిదాకా వాచి, చల్లగా, బిగుసుకుపోయి ఉంది. పంపు తన పని తను చేస్తూనే ఉంది, నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో దానికి తెలీదు. ఆంటీ చెప్పలేదు. చెప్పాల్సింది నా కళ్ళు. వాపు రెండు రోజుల్లో తగ్గింది, ఆవిడ కోలుకుంది. కానీ నేను తలుపు తీసిన ప్రతిసారీ ఆవిడ నా వైపు ఎందుకు అలా చూసిందో అప్పుడు అర్థమైంది.

నర్సింగ్ చదివేటప్పుడు వాచీ పట్టుకుని చుక్కలు లెక్కపెట్టేవాళ్ళం. లెక్కపెట్టినంతసేపూ పేషెంటు చెయ్యి కళ్ళముందే ఉండేది. పంపు వచ్చాక లెక్క పక్కాగా వచ్చింది, చూపు చెయ్యి మీంచి తెర మీదకి పోయింది. పంపుని తిట్టను, అది లేకుండా ఇవాళ వార్డు నడవదు. ఆ రోజు నుంచి మాత్రం, ముందు దుప్పటి తీస్తాను, తర్వాతే అంకె చూస్తాను. కొత్తగా వచ్చే పిల్లలకీ అదే చెప్తాను.

ఇది చెప్పేసరికి ఆ అబ్బాయి తినడం ఆపేశాడు. "మేమూ అంతే అక్కా. వాతావరణం బాగున్న రోజు ముందే ఆటోపైలట్ తీసేసి చేత్తో దింపుతాను, మర్చిపోకుండా" అన్నాడు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ కూడా వీలున్నప్పుడల్లా పైలట్ల చేత చేత్తో నడిపించమని 2013లోనే కంపెనీలకి చెప్పిందట. పెద్ద విమానాల్లో దారి మధ్యలో ఒక్క పైలట్ చాలు అనే ఆలోచన వస్తే పైలట్ల సంఘాలు గట్టిగా వద్దన్నాయి. ఇప్పటికైతే ఇద్దరున్నంత భద్రత ఉందని చూపించలేమని యూరప్ భద్రతా సంస్థ కూడా 2025లో తేల్చింది.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. "నువ్వు విన్నది సగం నిజమేనమ్మా. చాలాసేపు దానంతటదే పోతుంది. కానీ ముందర ఇద్దరు కూచుని దాన్ని కనిపెట్టుకుని ఉంటారు. నువ్వు మాత్రం కూచున్నంతసేపూ బెల్ట్ తీయకు."

"ఇద్దరున్నారుగా, ఇంకేం" అంది అమ్మ. "మాగాయ చేతి సంచిలో పెట్టుకోనా, పెద్ద పెట్టెలోనా?"

పెద్ద పెట్టెలోనే పెట్టమన్నాను. మీలో కూడా మిషను చూస్తూ మనిషిని చూడ్డం మరిచిపోయిన రోజు ఎవరికైనా ఉంటే గ్రూపులో చెప్పండి, పేరు రాయక్కర్లేదు. వచ్చే నెల అవే వేద్దాం. ఉంటాను మరి.