అర్థము లేని పదసంపద

మన బరంపురపు తెలుగు కుటుంబములలో నిప్పుడొక క్రొత్త వ్రతము ప్రబలినది. దినమునకు పది కఠినమైన ఆంగ్ల పదములను, వాని ఆంగ్ల నిర్వచనములను పిల్లలచే వల్లె వేయించుట ఆ వ్రతము. తెలుగు అర్థము చెప్పరాదనుట అందలి నియమము. తెలుగు నడుమ వచ్చినచో ఆంగ్లము కుంటుపడునట! ఈ నియమము శుద్ధ అవివేకమని నా వాదము.

నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పదియైదేండ్లు ఆంగ్లములో చిత్తులు వ్రాసి బ్రదికిన గుమాస్తాను. అన్నము పెట్టిన భాషను దూషించుట కృతఘ్నత. నా తగవు ఆంగ్లముతో గాదు, దానిని నేర్పు విధముతోనే.

మొన్న మా మనుమని “ఆబ్‌స్టినేట్” అనగా నేమని యడిగితిని. “స్టబర్న్” అనెను. “స్టబర్న్ అనగా?” “ఆబ్‌స్టినేట్!” గానుగెద్దు ఎంత నడిచినను గానుగ చుట్టే కదా! అంతలో లోపలినుండి వాని నాయనమ్మ, “ఓరి మొండివాడా, అన్నమునకు రమ్మని ఎన్నిసార్లు పిలువవలెను?” అని కేకవేసినది. “అదిగో, నీ పదమునకు అర్థము” అంటిని. వాడు పకపక నవ్వెను. ఇక నా మాటను మరువడు. చిన్ననాటినుండి వినుచున్న మాటకు ముడివేసినప్పుడే క్రొత్త మాట మనసున నిలుచును.

పెద్ద పదములని మనము జంకునవి అనేకములు మన యింటి మాటలకు చుట్టములే. “సర్కమ్‌లొక్యూషన్” అనగా చుట్టు త్రిప్పి చెప్పుట. మన డొంకతిరుగుడు మాట. “ప్రొక్రాస్టినేట్” అను దానిలో నున్న “క్రాస్” లాటినులో రేపు. అప్పులవానిని రేపు మాపని త్రిప్పు వానికి ఇంతకంటె నిర్వచన మేల? “ఎక్స్‌పెడైట్” అను మాటను నేను వేలసార్లు వ్రాసితిని. దాని మూలార్థము కాలి బంధమును విడిపించుట యని పదవీ విరమణానంతరము తెలిసికొంటిని. కదలని కాగితమునకు అంతకంటె తగిన మాట లేదు!

ఆంగ్లమునకు ఆంగ్లములోనే అర్థము చెప్పు నిఘంటువులు వ్యర్థములా యని కొందరడుగుదురు. కావు. 1978లో వెలువడిన లాంగ్‌మన్ నిఘంటువు ఇంచుమించు రెండువేల సులభ పదములతోనే నిర్వచనములను కూర్చినది. ఆ రెండువేలు గట్టిగా వచ్చినవానికి అది మేలైన తోడు. పునాది లేనివానికి మేడమెట్లు చూపిన నేమి ఫలము? తెలుగు మాట ఒక్కటే చాలునని కూడ నేననను. “శాంక్షన్” ఒకచోట మంజూరు, మరియొకచోట దండన. కనుక వాక్యమును చూడక అర్థము వ్రాయరాదు.

బ్రౌను దొర సంగతి తలపుడు. ఆయన తెలుగు నేర్చుటకై తన ఆంగ్లమును గడప వెలుపల నిలుపలేదు. 1852లో వెలువడిన ఆయన నిఘంటువులో తెలుగు మాట ప్రక్కన ఆయన మాతృభాషయే అర్థము చెప్పినది. దొరకు చెల్లిన న్యాయము మన బిడ్డలకు చెల్లదా?

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు మన మీ వైపున నిలిచితిమి. మన పిల్లలలో పెక్కుమందికి బడిలో ఒడియా, హిందీ, ఆంగ్లము. తెలుగునకు మిగిలినది ఇల్లొక్కటే. అచ్చటను నాయనమ్మ నోరు మూయించినచో, బిడ్డకు నాలుగు భాషలు వచ్చును గాని ఏ భాషలోను మనసు విప్పి మాటాడ జాలడు.

కావున తల్లిదండ్రులారా, దినమునకు పది వలదు, మూడు పదములు చాలును. నోటుపుస్తకములో మూడు గళ్ళు గీయింపుడు: మొదట పదము, పిమ్మట అది వచ్చిన వాక్యము, కడపట తెలుగు మాట. ఆ మూడవ గడిని ఇంటి పెద్దల నడిగి నింపవలెను. మన సంఘము బహుమతి నీయదలచినచో కంఠపాఠమునకు గాక, ఆ పుస్తకమునకే యిచ్చుగాక.