వాన నీటికి పాత్ర ఏది?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో స్త్రీల హక్కుల గురించి మాట్లాడాలంటే ముందు బిందె గురించి మాట్లాడాలని నేనంటాను. ఇక్కడ చాలా ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది, కాచినా పోదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్ళ కోసం ఒక తరం ఆడవాళ్ళు బిందెలు మోస్తూనే ఎదురుచూశారు.

వాన నీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదు. ఇంకుడు గుంతలు తవ్వమంటున్నారు, మంచిదే. కానీ ఇంకిన వాన మళ్ళీ ఆ రాళ్ళ మధ్య నుంచే బోరులోకి వస్తుంది. తాగడానికి కావలసింది గుంత కాదు, మూత ఉన్న తొట్టి.

లెక్క చూడండి. 20 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 1000 లీటర్లు. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గల సిమెంటు ఒర 200 లీటర్లు పడుతుంది. అయిదు ఒరలు పేర్చి, అడుగున కాంక్రీటు పోసి, అతుకులు పూస్తే తొట్టి తయారు. మొదటి వాన వదిలేసి పట్టుకుంటే, రోజుకు 10 లీటర్ల చొప్పున నూరు రోజుల తాగునీరు. చవకని పురుగుమందుల డ్రమ్ములు మాత్రం కొనకండి.

ఈ ఖర్చు కూడా పొదుపు సంఘం అప్పుగా మన నెత్తిన పడకూడదు. రోడ్డుకిచ్చినట్టే పంచాయతీ తొట్టికీ డబ్బివ్వాలి. పూరిళ్ళవారికి బడి డాబా మీది వాన దక్కాలి. గ్రామసభలో మనం అడగవలసింది ఇదే.