వలీమాకి వక్త్ ఉండదా?



మొన్న మా ఖాందాన్‌లో వలీమా. శ్రీకాళహస్తిలోనే. కార్డు మీద ‘బాద్ నమాజె మగ్రిబ్’ అని ఉర్దూలో, ‘రాత్రి 7 గంటలకు’ అని తెలుగులో వేయించాం. దస్తర్‌ఖాన్ పరిచింది పదకొండున్నరకి.

మా మామూ చాలా ఏళ్లుగా షుగర్ మనిషి. ఎనిమిదింటికి ఎవరో ‘ఖానా వచ్చేస్తోంది’ అంటే నమ్మి ఇన్సులిన్ వేసుకున్నారు. తొమ్మిదిన్నరకి చేతులు వణికాయి, షేర్వానీ చెమటకు తడిసింది, మాట తడబడింది. ఒక పిల్లాడు పరుగున చక్కెర నీళ్లు తెచ్చి తాగించాడు. అల్‌హందులిల్లాహ్, తేరుకున్నారు. అర్ధరాత్రి బిర్యానీ, డబుల్ కా మీఠా తిన్నారు. పొద్దున మీటర్‌లో 318. అందరూ ‘తక్‌దీర్’ అన్నారు.

తక్‌దీర్ కాదు భాయీ, మేజ్బాన్ల లాపర్వాహీ. ఆ మేజ్బాన్లలో నేనూ ఒకణ్ణి.

జిస్మ్‌కి ఒక గడియారం ఉంది. 2017 వైద్య నోబెల్ ఆ గడియారం గుట్టు విప్పిన ముగ్గురికే ఇచ్చారు. చీకటి పడ్డాక మెలటోనిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. అందుకే మధ్యాహ్నం అరిగిన ప్లేటే అర్ధరాత్రి ఖూన్‌లో ఎక్కువ చక్కెర నింపుతుంది.

ఇన్సులిన్‌కి ఇంకో పనీ ఉంది. రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేయించి వాటిని వదులు చేస్తుంది. జిస్మ్ ఇన్సులిన్ మాట వినడం మానేస్తే ఆ వదులు చేసే పని తగ్గుతుంది, బిగించే పని మాత్రం ఆగదు. షుగర్ ఉన్న ఇంట్లోకి బీపీ, గుండెపోటు వెనకే రావడానికి ఇదొక దారి.

2009లో అమెరికాలో ఫ్రాంక్ షీర్ బృందం 10 మంది తిండి, నిద్ర వేళల్ని తలకిందులు చేసి చూసింది. ఇన్సులిన్ 22 శాతం పెరిగినా గ్లూకోజ్ 6 శాతం ఎక్కువే ఉంది. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 17 శాతం తగ్గింది. బీపీ 3 శాతం పెరిగింది. ఒక్క దావత్‌తో అంత జరగదంటారా? మన దావత్ ఒక్కటా! మంజా, సాంచక్, నికాహ్, వలీమా, జుమ్మగీ. రమ్‌జాన్‌లో ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నోరు ఆడించి, నింద రోజా మీద వేస్తాం.

‘రాత్రి మేలుకోవడం మన తహజీబ్’ అంటారు. ఏ తహజీబ్? ఐదు పూటల వక్త్ నిమిషాలతో సహా మస్జిద్ గోడ మీద రాసుకునే ఖౌమ్ మనది. ఇషా తర్వాత కబుర్లు ప్రవక్త (స)కు నచ్చేవి కావని హదీసులో చదువుకున్న వాళ్లం.

‘గుడి వీధుల్లో దుకాణాలు కట్టేసి రావాలి కదా’ అంటారు. నిజమే, రోజీ ముఖ్యం. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఆలస్యంగానే తినండి. వాళ్ల కోసం బీమార్లను ఎందుకు పస్తు పెట్టాలి? జనానాలో అయితే వడ్డన ఇంకా ఆలస్యం. నలుగురి ముందు సూది తీయడానికి షరమ్ పడే ఖాలాలు అక్కడే ఉన్నారు. 2023 నాటి ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. మన ప్రతి దావత్‌లోనూ వాళ్లు కూర్చునే ఉంటారు.

మగ్రిబ్ కాగానే బుజుర్గులకు, షుగర్ ఉన్నవాళ్లకు మర్దానాలో ఒకటి, జనానాలో ఒకటి దస్తర్‌ఖాన్ పరచండి. లేదా జొహర్ తర్వాతే దావత్ పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇన్షా అల్లాహ్, మా ఇంట్లో రాబోయే షాదీ కార్డు మీద ‘ఖానా ఏడున్నరకి’ అని ఉంటుంది. పదకొండుకి వచ్చేవాళ్లకు ఖానా చల్లారి ఉంటుంది. నారాజ్ కావద్దు.