బంతి, పింఛను, ఇంటి గడప: ఎర్రబోరు నుంచి మూడు ప్రశ్నలు

విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం నుంచి బయలుదేరే 30వ నంబరు జాతీయ రహదారి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు దాటి శబరి తీరాన కొంటా వద్ద ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశిస్తుంది. ఆ మార్గంలోనే, కొంటాకూ దోర్నపాల్‌కూ నడుమ, ఎర్రబోరు ఉన్నది. పేరు తెలుగు చెవికి పరాయిగా వినిపించదు. అంగడిలో మాట్లాడే భాష కూడా పూర్తిగా పరాయి కాదు. కోయ, దోర్లా, గోండి, హల్బీ, తెలుగు కలగలిసిన నేల అది. అయినా తెలుగు పత్రికల్లో ఆ ఊరి పేరు కనిపించేది మృతుల సంఖ్య చెప్పవలసి వచ్చినప్పుడే.

ఆ ఊరి మైదానపు అంచున నిలబడి ఫుట్‌బాల్ చూసే ఒక సామాన్య అభిమానిని ఊహించుకోవచ్చు. అతనికి ఆట మీద అభిప్రాయాలుంటాయి. ముసలితల్లికి రావలసిన పింఛను మీద ఉంటాయి. రాత్రి తలుపు వేసుకుని పడుకోవడం మీద మరింత గట్టిగా ఉంటాయి. ఢిల్లీలో ఈ మూడింటికీ మూడు మంత్రిత్వ శాఖలున్నాయి. అతనికి మాత్రం మూడూ ఒకే ఇంటి వ్యవహారాలు. బస్తర్ గురించి జరిగే జాతీయ చర్చలో కొరవడుతున్నది ఈ ఇంటి దృష్టే.

ముందుగా ఆట సంగతి. 2024 చివర జరిగిన మొదటి బస్తర్ ఒలింపిక్స్‌కు సుమారు 1.65 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. విలువిద్య, కబడ్డీ, ఖోఖో, హాకీలతో పాటు ఫుట్‌బాల్‌కూ అందులో చోటు దొరికింది. లొంగిపోయిన మాజీ మావోయిస్టులూ, మందుపాతరల వల్ల కాళ్లు చేతులు పోగొట్టుకున్నవారూ అదే వేదికపై ఆడారు. దీనిని కేవలం ప్రచారార్భాటమని కొట్టిపారేయడం అన్యాయం. ఇరవై ఏళ్లుగా తుపాకీ పట్టినవాడు ఏ పక్షమో చూసి భయపడడమే నేర్చుకున్న పిల్లలు, ఎదుటి జట్టును శత్రువుగా గాక పోటీదారుగా చూడగలిగితే అది చిన్న విషయం కాదు.

అయితే ఆ క్రీడల ముగింపు సభకు జగదల్‌పూర్ వచ్చిన ప్రధాన అతిథి కేంద్ర హోంమంత్రి. మావోయిజం నిర్మూలనకు 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించిన నాయకుడు ఆయనే. క్రీడను భద్రతా వ్యూహంలో ఒక అంగంగా చూస్తున్నారని దీనివల్ల స్పష్టమవుతున్నది. అందులోనే చిక్కు ఉన్నది. వ్యూహం కోసం పెట్టిన ఆట, ఆ వ్యూహపు అవసరం తీరగానే నిలిచిపోతుంది. నిలిచే ఆటకు కోచ్ కావాలి, ఏడాది పొడుగునా పోటీలు కావాలి, బూట్లు చిరిగితే మళ్లీ కొనిచ్చే బడి కావాలి.

అందుకు నిదర్శనం బస్తర్‌లోనే ఉన్నది. నారాయణపూర్‌లో రామకృష్ణ మిషన్ ఆశ్రమం 1985 నుంచి పనిచేస్తున్నది. అక్కడి అకాడమీ జట్టు జాతీయ స్థాయి లీగ్ పోటీల దాకా ఎదిగింది. ఇరవై ఏళ్లలోపు యువకులకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నెలకొల్పిన స్వామి వివేకానంద జాతీయ పోటీలకు 2024లో ఆ పట్టణమే వేదిక అయింది. దశాబ్దాల పాటు ఒకేచోట ఓపికగా చేసిన పని దాని వెనుక ఉన్నది. సుక్మా జిల్లాకు అటువంటిది ఇంకా లేదు.

తెలుగువారికి ఈ విషయంలో మరొక జ్ఞాపకం కూడా ఉండాలి. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచినది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారతదేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. పోలీసు చొక్కాను జనం చప్పట్లతో స్వాగతించిన కాలం అది. ఆ రోజుల్లో పోలీసు ఆటగాడు మైదానంలో ఎదుటి జట్టుకు వర్తించిన నియమాలకే తానూ లోబడేవాడు. ఎర్రబోరు అభిమాని అడిగే మొదటి ప్రశ్న ఇదే: మైదానంలో అందరికీ ఒకటే అయిన నియమం, మైదానం బయట ఎందుకు ఒకటి కాదు?

రెండవది పింఛను. కొంటా పరిసరాల్లో నిలబడితే మూడు రాష్ట్రాల సరిహద్దులు దగ్గరలో ఉంటాయి. నాలుగో రాష్ట్రమైన తెలంగాణ భద్రాచలం దాకా వెళితే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు మండలంలో అరవై దాటిన వృద్ధురాలికి 2024 జూలై నుంచి నెలకు రూ.4,000 అందుతున్నది. తెలంగాణలో ఆ మొత్తం 2019 నుంచి రూ.2,016, దానిని రూ.4,000 చేస్తామన్నది 2023 ఎన్నికల హామీ. శబరికి ఆవల ఒడిశాలో సాధారణ వృద్ధాప్య పింఛను రూ.1,000. ఎర్రబోరు వృద్ధురాలికి ఛత్తీస్‌గఢ్ ఇచ్చేది రూ.500. ఒకే అడవి, ఒకే తెగ, తరచుగా ఒకే వంశం. మనిషి ముదిమికి కట్టిన ధర మాత్రం సరిహద్దు రాయిని బట్టి ఎనిమిదింతలు మారుతున్నది. వివాహిత స్త్రీలకు మహతారీ వందన్ పథకం కింద నెలకు రూ.1,000 ఇవ్వగలిగిన రాష్ట్రం వృద్ధులకు దానిలో సగంతో సరిపెట్టడానికి సమాధానం ఆర్థికశాస్త్రంలో దొరకదు. ఎవరి ఓటు ఎన్నికను తిప్పగలదన్న లెక్కలో దొరుకుతుంది.

తప్పంతా రాయ్‌పూర్‌దే అనడం కూడా సరికాదు. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వారికి వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా రూ.200. రూ.75గా ఉన్న ఆ వాటా రూ.200 అయినది 2006లో. ఆ తరువాత కేంద్రంలో ప్రభుత్వాలు మారాయి, ప్రధానమంత్రి మారారు, ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. ఆ అంకె కదలలేదు. దానిని పెంచాలని గ్రామీణాభివృద్ధిపై పార్లమెంటు స్థాయీ సంఘం పదే పదే సిఫారసు చేసింది. పార్టీల మధ్య ఇంతటి ఏకాభిప్రాయం మరే విషయంలోనూ కనిపించదు: వృద్ధుల వాటాను మరచిపోవడంలో అందరూ ఏకమయ్యారు.

పింఛను కథలో మరొక పాత్ర ఉన్నది. అది ఎర్రబోరు రహదారిపై కాపలా కాసే సీఆర్‌పీఎఫ్ జవాను. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి పాత పింఛను విధానం లేదు. కేంద్ర సాయుధ బలగాలు సైతం సాయుధ దళాలే కనుక వారికి పాత పింఛను వర్తిస్తుందని 2023 జనవరి 11న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. కేంద్రం అప్పీలు చేయగా సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. జవాను త్యాగాన్ని ప్రతి సభలోనూ కీర్తించే ప్రభుత్వం, న్యాయస్థానంలో అదే జవాను వృద్ధాప్యపు భరోసాకు ఎదురు వాదిస్తున్నది. ఎర్రబోరు అమ్మమ్మ, ఆమె ఊరికి కాపలా వచ్చిన ఏ బీహారు యువకుడో, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ బతుకుతారు. ముసలితనపు భయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే దారి.

మూడవది, అన్నిటికన్నా బరువైనది, ఇంటి భద్రత. అంతర్గత భద్రతను చూసే శాఖకు మనవారు ‘హోం’ అని పేరు నిలిపారు. హోం అంటే ఇల్లు. ఎర్రబోరులో ఆ ఇంటికి ఏమి జరిగిందో గుర్తు చేసుకోవాలి. 2005 జూన్‌లో మొదలైన సల్వాజుడుం పేరిట పల్లెలను ఖాళీ చేయించి, జనాన్ని రహదారి పక్క శిబిరాలకు తరలించారు. రాని వారిపై మావోయిస్టుల ముద్ర పడింది. వచ్చినవారు మావోయిస్టుల దృష్టిలో ద్రోహులయ్యారు. 2006 ఫిబ్రవరి 28న దర్భగూడ వద్ద సల్వాజుడుం సభ నుంచి తిరిగివస్తున్న లారీని మందుపాతరతో పేల్చగా ఇరవై మందికి పైగా మరణించారు. అదే ఏడాది జూలై 16 అర్ధరాత్రి దాటాక ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టులు విరుచుకుపడ్డారు. గుడిసెలకు నిప్పుపెట్టారు. పసిపిల్లలతో సహా ముప్పై మందికి పైగా చనిపోయారు. పోలీసు ఠాణా, కేంద్ర బలగాల స్థావరం ఆ పక్కనే ఉన్నాయి.

ఆ రాత్రికి ఏ విప్లవ సిద్ధాంతమూ సమర్థన కాలేదు. నిద్రపోతున్న ఆదివాసీ బిడ్డను దహించినవారు ఆదివాసీ పక్షాన మాట్లాడే అర్హతను అక్కడే పోగొట్టుకున్నారు. దానితో పాటే మరొక మాట కూడా చెప్పక తప్పదు. ఇంటికి రక్షణ కల్పిస్తామని మనిషిని ఇంటి నుంచే లేపుకొచ్చిన రాజ్యం, తెచ్చిన చోటనైనా అతనిని కాపాడలేకపోయింది. జుడుంకు నాయకత్వం వహించిన మహేంద్ర కర్మ కాంగ్రెస్ నేత. అండగా నిలిచినది రాష్ట్రంలోని భాజపా ప్రభుత్వం. ఢిల్లీలో అప్పుడున్నది యూపీఏ. ఈ లెక్కలో ఏ ప్రధాన పార్టీ చేతులూ శుభ్రంగా లేవు.

2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్ ఇచ్చిన తీర్పు తేల్చినది ఈ సంగతినే. నెలకు రూ.3,000 గౌరవవేతనంతో, అరకొర చదువూ శిక్షణతో, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా యుద్ధంలోకి దించడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని న్యాయస్థానం ప్రకటించింది. రాష్ట్రం అదే ఏడాది కొత్త చట్టం చేసి వారిని సహాయక దళంగా మార్చుకున్నది. ఆ చట్టం కోర్టు ధిక్కారం కాదని 2025 మే నెలలో సుప్రీంకోర్టు వ్యాజ్యాన్ని ముగిస్తూనే, ఆ ప్రాంత ప్రజలకు శాంతి, పునరావాసం కల్పించడం కేంద్ర రాష్ట్రాల బాధ్యత అని గుర్తు చేసింది. మరి మూడు నెలలకే, జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థి కాగానే, నక్సలిజానికి తోడ్పడిన తీర్పు అంటూ హోంమంత్రి దానిని ఎన్నికల అస్త్రంగా వాడుకున్నారు. సెప్టెంబరు 9న ఎన్నిక ముగిసింది; సి.పి.రాధాకృష్ణన్ గెలిచారు. ఆ వారాల్లో తీర్పు గురించి ఎంతో చర్చ జరిగింది. తీర్పుకు మూలమైన ఎర్రబోరు వంటి ఊళ్ల గురించి ఎవరూ అడగలేదు.

భద్రతా బలగాల విజయాలను కాదనలేము. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో, సుక్మా జిల్లా పువర్తికి చెందిన హిడ్మా నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో హతులయ్యారు. ఆ మధ్యలో, జూన్ 9న, కొంటా–ఎర్రబోరు మార్గంలో దోండ్రా వద్ద మందుపాతర పేలి అదనపు ఎస్పీ ఆకాశ్ రావు గిర్‌పుంజే ప్రాణం కోల్పోయారు. 2006లో దర్భగూడ, 2025లో దోండ్రా: పందొమ్మిదేళ్ల అంతరంలో ఒకే తాలూకా, ఒకే ఆయుధం. శిబిరాలు లేకపోతే రోడ్డు రాదు, రోడ్డు లేకపోతే పింఛనూ ఆటా రావు అనే అధికారుల వాదనలో నిజం ఉన్నది. కాని శిబిరం రావడంతోనే ఇంటి భద్రత వచ్చినట్టు కాదు. 2006లో ఎర్రబోరు ప్రజల పక్కన శిబిరం లేక కాదు కదా వారు చనిపోయినది.

ఇంటి భద్రతకు కొలమానం ఇల్లే. నాడు విడిచిపోయిన పల్లెకు మనుషులు తిరిగి చేరారా? గోదావరి జిల్లాల, ఖమ్మం ప్రాంతపు అడవుల్లో తలదాచుకున్న వేలాది వలస కుటుంబాలు నేటికీ ఏ రాష్ట్రపు లెక్కలోకి వస్తాయి? గుత్తికోయలని పిలువబడుతూ, పోడు భూమికి హక్కుపత్రం లేక, అటవీ సిబ్బందితో నిత్యం ఘర్షణ పడుతూ బతుకుతున్నవారు మన పొరుగునే ఉన్నారు. పింఛను నివాస రాష్ట్రంతో ముడిపడినది. నివాసమే వివాదమైనవాడికి రూ.500 అయినా, రూ.4,000 అయినా ఒకటే.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. కేంద్రం తన రూ.200 వాటాను పెంచి, ధరల సూచీతో జతచేయాలి. ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా కలిసి వలస కుటుంబాలను లెక్కించి, తిరిగి వెళ్లేవారికి భూమిని, ఉండిపోయేవారికి గుర్తింపును ఇవ్వాలి. ఎర్రబోరు మృతులకూ, జుడుం కాలంలో తగలబడిన పల్లెలకూ ఒకే న్యాయప్రక్రియ వర్తించాలి. క్రీడలు ఏడాదికొక సభగా గాక, కొంటా తాలూకాలో నిత్యం తెరిచి ఉండే ఒక శిక్షణ కేంద్రంగా మారాలి. ఇవన్నీ కలిపినా ఒక పెద్ద భద్రతా కార్యక్రమపు ఖర్చు ముందు చిన్న మొత్తాలే.

ఫుట్‌బాల్‌లో ప్రతి జట్టుకూ ఒక సొంత మైదానం ఉంటుంది. ఎర్రబోరు ఆదివాసీకి గత ఇరవై ఏళ్లలో అటువంటిది దొరకలేదు. తన ఊళ్లోనే ఇతరులు ఆడే పోటీకి ప్రేక్షకుడయ్యాడు, తరచుగా ఆ పోటీకి మూల్యం తానే చెల్లించాడు. గడువులు ప్రకటించినవారు గెలుపు కూడా ప్రకటించుకుంటారు. ఆ గెలుపు నిజమో కాదో తెలియాలంటే, కొంటా దాటి ఆ రహదారిపై వెళ్లి, పింఛను ఈ నెల వచ్చిందా అని ఒక వృద్ధురాలిని, ఖాళీ చేసి వచ్చిన ఊరికి తిరిగి వెళ్లారా అని ఆమె కొడుకుని అడగాలి.