ఎండ లెక్క

హౌరా - చెన్నై రైలుమార్గంలో గుణుపురం లైను చీలే జంక్షను నౌపడ. ఊరికంటె అక్కడి ఉప్పుకే పేరెక్కువ. సముద్రపు నీటిని మళ్ళలో కట్టి ఎండకు వదిలేస్తారు. వెయ్యి కిలోల సముద్రజలంలో లవణాలన్నీ కలిపి సుమారు 35 కిలోలే. మిగతాదంతా ఎండ ఆవిరి చేసిపెట్టాలి, గ్రాముకు దాదాపు 580 కేలరీల చొప్పున! కట్టెలు కొని మరిగించవలసివస్తే మన చారులోకి ఉప్పు వచ్చేదేనా?

"ఈ ఏడు ఎండ ఎలా ఉంది తాతా?" అని అక్కడొక ముసలి ఉప్పురైతును అడిగాను.

"ఎండకేటి బాబూ! అది మోసం సెయ్యదు. మోసమంతా మబ్బుదే" అన్నాడు.

ఈ మాటలో ఎంత శాస్త్రముందో చూడండి. కాగిన వస్తువు ఎంత శక్తిని వెదజల్లుతుందో వియన్నా శాస్త్రజ్ఞుడు స్టెఫాన్ 1879లో కనిపెట్టాడు. ఆయన శిష్యుడు బోల్ట్‌జ్‌మన్ 1884లో దాన్ని సిద్ధాంతరీత్యా నిరూపించాడు. వేడి రెట్టింపయితే శక్తి రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. మూడింతలయితే 81 రెట్లు! అయితే ఈ వేడిని మంచుగడ్డ సున్నా నుంచి కాక, దానికి 273 డిగ్రీలు దిగువనున్న పరమశూన్యం నుంచి లెక్కించాలి.

ఆ లెక్కన సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,770 డిగ్రీలు. అది 58 డిగ్రీలు, అంటే నూటికి ఒక్కవంతు, పెరిగిందనుకోండి. మనకొచ్చే ఎండ నూటికి నాలుగువంతులు పెరుగుతుంది. తగ్గినా అంతే. కాని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి. పదకొండేళ్ళకోసారి తిరిగే చక్రంలో సూర్యుడి శక్తిలో తేడా వెయ్యింట ఒకవంతు. డిగ్రీలలో చెప్పాలంటే సుమారు ఒకటిన్నర! తాత నమ్మకం వమ్ము కాలేదు.

జూన్ 22 ప్రాంతాల ఆరుద్ర కార్తె వస్తుంది. వరిరైతుకు సంబరం, ఉప్పురైతుకు సెలవు. ఆ కార్తెకు పేరిచ్చిన ఆరుద్ర నక్షత్రం చలికాలం రాత్రుల్లో ఎర్రగా కనిపిస్తుంది. ఎర్రగా ఉంది కదా అని సూర్యుడికంటె వేడి అనుకోకండి. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, ఇంకా కాగితేనే తెల్లబడుతుంది. ఆరుద్ర వేడి దాదాపు 3,500 డిగ్రీలు. చదరపు గజానికి చూస్తే సూర్యుడిచ్చేదాంట్లో ఏడోవంతే ఇస్తుంది. కాని దాని వ్యాసం సూర్యుడికి కొన్ని వందల రెట్లు గనుక, మొత్తంమీద సూర్యుణ్ణి ఎన్నో వేల రెట్లు మించిపోతుంది.

సంసారంలోనూ అంతే. పెద్ద చెయ్యి ఎంత పెట్టినా, ఏ రోజుకారోజు లెక్క తప్పకుండా పెట్టే చేతినే ఇల్లు నమ్ముకుంటుంది.